స్పీడ్ లీడ్, హెవీ సౌండ్: 40 వేలలో ఏ గిటార్ తీసుకోవాలి?

అర్ధరాత్రి_రిఫ్ | 9 జూన్, రాత్రి 11:52

అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా అకౌస్టిక్ వాయిస్తున్నా. ఏడాదిన్నర కిందట కాలేజీ సీనియర్ దగ్గర స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్) కాపీ ఒకటి కొన్నాను. సింపుల్ పాటలకి బాగానే ఉంది. ఇప్పుడు హార్మోనిక్ మైనర్ (స్వరాల వరస ఒకటి) పరుగులు, థ్రాష్ (వేగమైన మెటల్) రిథమ్ మీద పడ్డాను. దాంతో మూడు సమస్యలు వచ్చాయి. ఒకటి, గెయిన్ (సౌండ్‌ని బరువుగా, గరుకుగా మార్చేది) పెంచగానే గుయ్యిమని హమ్. రెండు, 17వ ఫ్రెట్ (వేళ్లు పెట్టే బోర్డు మీది లోహపు కమ్మీ) దాటితే చెయ్యి లోపలికి పోదు. మూడు, పై ఫ్రెట్‌ల దగ్గర తీగని బెండ్ చేస్తే (పక్కకి తోస్తే) నోట్ మధ్యలోనే చచ్చిపోతుంది.

ఉండేది కూకట్‌పల్లిలో పీజీలో. గోడ అవతల నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు పడుకుంటారు కాబట్టి అంతా హెడ్‌ఫోన్స్‌లోనే. బడ్జెట్ మొత్తం 40 వేలు, దాటితే అమ్మకి జవాబు చెప్పుకోవాలి. షాపులో అబ్బాయి ఫ్లాయిడ్ రోజ్ అనే ఊగే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే భాగం) ఉన్న ఎర్ర గిటార్ చూపించి "మెటల్‌కి ఇదే సార్" అన్నాడు. చూడ్డానికి మాత్రం అదిరిపోయింది. తీసుకోమంటారా?

ఏడోతీగ | 10 జూన్, రాత్రి 12:03

ఇబనెజ్ ఆర్‌జీ తీసుకో బ్రో. థ్రెడ్ క్లోజ్.

బ్లూస్‌బాబాయ్ | 10 జూన్, ఉదయం 6:20

పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను. నాయనా, స్ట్రాట్ మీద స్పీడ్ రాదని ఎవరన్నారు? స్పీడ్‌కి పేరున్న యింగ్వే మాల్మ్‌స్టీన్ జీవితమంతా వాయించింది స్ట్రాట్ కాదా? అంతకుముందు డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్? కొత్త గిటార్ కొంటే కొత్త వేళ్లు రావు. ఉన్నదాన్ని మంచి చేత్తో సెటప్ చేయించుకుని, ఆ 40 వేలు బ్యాంకులో వేసుకో.

టంకం_మాస్టర్ | 10 జూన్, ఉదయం 9:41

బాబాయ్ గారూ, మాల్మ్‌స్టీన్ స్ట్రాట్ ఫ్రెట్‌ల మధ్య చెక్కని గుంటలుగా తోడించుకున్నాడు కదా. బ్లాక్‌మోర్ కూడా అంతే. అది షాపులో దొరికే స్ట్రాట్ కాదు.

తమ్ముడూ, నోట్ చచ్చిపోతోందంటే తప్పు నీ వేలిది కాకపోవచ్చు. ఫ్రెట్‌బోర్డ్ బల్లపరుపుగా ఉండదు, అడ్డంగా చూస్తే కొంచెం గుబ్బగా ఉంటుంది. ఆ వంపుని రేడియస్ అంటారు. పాత స్ట్రాట్‌లకి అది 7.25 అంగుళాలు, తర్వాతి ఫెండర్లలో ఎక్కువగా 9.5. అంకె చిన్నదైతే గుబ్బ ఎక్కువ. మొదటి తీగని పైకి తోస్తే అది ఆ గట్టు ఎక్కుతూ ముందున్న ఫ్రెట్‌లకి ఆనుకుంటుంది. నోట్ ఆగేది అక్కడే. తీగలు ఎత్తు పెంచితే బెండ్ బతుకుతుంది, కానీ వేగం పోతుంది. అందుకే లీడ్ కోసం చేసే గిటార్లకి బోర్డు చదునుగా ఉంచుతారు. జాక్సన్ కంపెనీ వాళ్లది నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర 12 అంగుళాలు, పైకి పోయేకొద్దీ 16. కింద కార్డ్స్ పట్టుకోడానికి గుండ్రంగా, పైన బెండ్‌లకి చదునుగా. ఇబనెజ్ ఆర్‌జీది సుమారు 400 మి.మీ., అంటే దాదాపు 16 అంగుళాలు.

హమ్ సంగతి వేరు. స్ట్రాట్‌లో ఉండే పికప్‌లు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి) సింగిల్ కాయిల్స్. కరెంటు తీగలు, ట్యూబ్‌లైటు చోక్, మొబైల్ చార్జర్ అన్నీ అందులో వినిపిస్తాయి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్ మూలం అదే. రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా చుట్టి ఆ గోలని ఒకదానితో ఒకటి కొట్టేసేలా చేసిందే హంబకర్. గిబ్సన్‌లో సేత్ లవర్ 1950ల మధ్యలో చేసిన పని అది. గెయిన్ ఎక్కువ వాడేవాడికి బ్రిడ్జ్ దగ్గర హంబకర్ తప్పనిసరి. దీంట్లో వాదన లేదు.

17వ ఫ్రెట్ దాటి చెయ్యి పోకపోవడం నెక్, బాడీ కలిసే చోట ఉన్న దిమ్మ వల్ల. కొత్త డిజైన్లలో దాన్ని చెక్కేస్తారు.

అర్ధరాత్రి_రిఫ్ | 10 జూన్, మధ్యాహ్నం 1:15

ఇన్నాళ్లూ నా వేళ్లే బాగాలేవని తిట్టుకుంటున్నా మాస్టారూ. మరి ఆ ఎర్ర గిటార్ సంగతి? ఫ్లాయిడ్ రోజ్ ఉంటే ట్యూనింగ్ అసలు పోదంట కదా?

పాలకొల్లు_పిక్ | 10 జూన్, మధ్యాహ్నం 2:30

ఫ్లాయిడ్ రోజ్ అన్నారు కాబట్టి నా కథ చెప్పాల్సిందే.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కాలేజీ ఫెస్ట్. నా దగ్గర తక్కువ ధరలో ఫ్లాయిడ్ లాంటి బ్రిడ్జ్ ఉన్న గిటార్. సోలో మధ్యలో మూడో తీగ ఫట్‌మంది. మామూలు గిటార్ అయితే మిగతా ఐదు తీగలతో ఎలాగోలా లాక్కొచ్చేవాణ్ని. కానీ ఈ బ్రిడ్జ్ గాల్లో తేలుతూ ఉంటుంది. ఒకవైపు తీగల బిగువు, ఇంకోవైపు వెనక స్ప్రింగులు, తక్కెడలాగా. ఒక తీగ పోగానే స్ప్రింగులదే పైచేయి. మిగతా ఐదూ ఒకేసారి శృతి పైకెక్కి కూర్చున్నాయి. పైగా నట్ దగ్గర తాళం బిగించి ఉంది, ట్యూనర్ తిప్పినా లాభం లేదు. అలెన్ కీ హాస్టల్ రూమ్‌లో. యాంకరమ్మ "చిన్న సాంకేతిక లోపం" అని అంత్యాక్షరి మొదలుపెట్టేసింది. జనం మా పాట కన్నా అంత్యాక్షరికే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

ఇంకో మాట. డ్రాప్ డీ (ఆరో తీగ ఒక మెట్టు కిందికి) చేద్దామని ఆ తీగ వదులు చేస్తే మిగతావన్నీ పైకెక్కుతాయి. వాటిని సరిచేస్తే ఆరోది కదులుతుంది. మొదటి మెటల్ గిటార్‌కి ఈ బాధ అక్కర్లేదు.

డల్లాస్_డౌన్‌ట్యూన్ | 10 జూన్, రాత్రి 8:05

పిక్ గారి కథకి నవ్వాను గానీ, ఫ్లాయిడ్‌ని అంత తీసిపారేయకండి. 1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన తీగని రెండు చివర్లా బిగించేసి పెద్ద సమస్యే తీర్చాడు. తీగ జారడానికి చోటే లేకపోతే శృతి ఎలా పోతుంది? ఒకసారి సరిగ్గా సెట్ చేస్తే బ్రిడ్జ్‌కి తగిలించిన బార్ పట్టుకుని తీగలు వేలాడేదాకా తోసి వదిలినా తిరిగి అదే శృతికి వస్తుంది. ఆ అరుపులు, గుర్రం సకిలింపు లాంటి శబ్దాలు ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ మీద రావు.

అసలు తేడా లోహంలో ఉంది. బ్రిడ్జ్ రెండు స్తంభాల మీద కత్తి అంచులాంటి భాగంతో ఆనుకుని ఊగుతుంది. మంచిదాంట్లో ఆ అంచు గట్టి ఉక్కు. చవకదాంట్లో మెత్తటి లోహం, వాడేకొద్దీ అరిగి మొద్దుబారుతుంది. తర్వాత ఎంత ట్యూన్ చేసినా నిలవదు. 40 వేల బడ్జెట్‌లో ఫ్లాయిడ్ అంటే గిటార్‌లో మిగతా చోట్ల కోత పెట్టి ఉంటారు. అందుకని ఫ్లాయిడ్ మంచిదే అయినా నీకు ఇప్పుడు వద్దనే అంటాను.

బ్లూస్‌బాబాయ్ | 10 జూన్, రాత్రి 9:12

ఒక చిన్న సంగతి. ఎడ్డీ వాన్ హాలెన్ 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్ వాయించినప్పుడు ఆయన గిటార్‌కి తాళాల బ్రిడ్జ్ లేదు, మామూలు ఫెండర్ తరహా ట్రెమొలోనే (బార్‌తో ఊగే బ్రిడ్జ్). స్ట్రాట్ ఆకారపు బాడీలో గిబ్సన్ హంబకర్ దూర్చి, సొంతంగా బిగించుకున్న గిటార్ అది. తర్వాతే ఫ్లాయిడ్‌కి మారాడు. నా మాట ఎవరూ వినరుగానీ, చెప్పడం నా ధర్మం.

ఏడోతీగ | 10 జూన్, రాత్రి 11:40

బాబాయ్ ఎప్పుడూ 1978లోనే ఉంటారు. బ్రో, హెవీ కావాలంటే 7 స్ట్రింగ్ తీసుకో. ఇప్పుడు ఆరు తీగల మీద ఎవడు వాయిస్తున్నాడు?

టంకం_మాస్టర్ | 11 జూన్, ఉదయం 8:50

చాలామంది వాయిస్తున్నారు. ఏడు తీగల గిటార్ కూడా నిన్నటిది కాదు, గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఇబనెజ్ 1990లోనే తెచ్చింది. ఈ అబ్బాయి వాయించేది హార్మోనిక్ మైనర్, థ్రాష్. ఏడో తీగ అంటే నెక్ వెడల్పు పెరుగుతుంది, బొటనవేలు ఇంకా వెనక్కి పోవాలి, అనవసరంగా మోగే తీగ ఇంకొకటి అదుపు చెయ్యాలి. లీడ్ చెయ్యి కుదిరాక చూసుకోవచ్చు.

హెవీ అంటే లావు తీగలు అనుకునేవాళ్లకి బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి చెప్పాలి. 1965లో, 17 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లో ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి మధ్య వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే వేళ్లే అవి. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించుకున్నాడు. మామూలు తీగలు నొక్కలేక సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత శృతి కూడా కిందికి దించేశాడు. పొట్టి స్కేల్ గిబ్సన్ ఎస్‌జీ, సన్న తీగలు, వదులు శృతి. హెవీ మెటల్ శబ్దం అక్కడ పుట్టింది. కాబట్టి లావు తీగలకి, బరువైన సౌండ్‌కి ముడిపెట్టొద్దు.

అర్ధరాత్రి_రిఫ్ | 11 జూన్, మధ్యాహ్నం 1:02

ఆఫీసు క్యాంటీన్‌లో చదువుతూ ఒళ్లు జలదరించింది. పొట్టి స్కేల్ అంటే ఏంటి మాస్టారూ? నాకు ఏది మంచిది?

టంకం_మాస్టర్ | 11 జూన్, మధ్యాహ్నం 3:18

స్కేల్ అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు. గిబ్సన్‌లకి సుమారు 24.75 అంగుళాలు, ఫెండర్, ఇబనెజ్, జాక్సన్‌లకి ఎక్కువగా 25.5. ముప్పావు అంగుళం తేడానే కదా అనిపిస్తుంది. కానీ అదే తీగ, అదే శృతి అయితే పొడవు స్కేల్ మీద బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ. పొట్టి స్కేల్‌లో బెండ్‌లు సులువు, వేళ్లు తక్కువ సాగితే చాలు. పొడవు స్కేల్‌లో కింది తీగలు గట్టిగా, విడివిడిగా వినిపిస్తాయి. పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగలకి ఆనించి) కొడితే టక్‌మంటుంది, బురదలా అంటుకోదు.

శృతి అరమెట్టు దించితే బిగువు 11 శాతం తగ్గుతుంది, మెట్టు దించితే 21 దాకా. నువ్వు డ్రాప్ డీ దాటవు కాబట్టి 25.5 స్కేల్ మీద 9-42 గానీ 10-46 గానీ తీగల సెట్ (అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) చాలు. 9లతో మొదలుపెట్టు.

24 ఫ్రెట్‌లు ఉంటే ప్రతి తీగ మీద రెండు పూర్తి ఆక్టేవ్‌లు వస్తాయి. అవసరమా అంటే రోజూ కాదు, కానీ 24 ఫ్రెట్‌ల గిటార్‌లో కింది కోత లోతుగా ఉంటుంది కాబట్టి 20, 21 ఫ్రెట్‌లకి చెయ్యి హాయిగా పోతుంది.

మెట్రోనోమ్‌టీచర్ | 11 జూన్, రాత్రి 7:30

విశాఖలో పిల్లలకి గిటార్ నేర్పుతాను. ఇప్పటిదాకా అంతా గిటార్ గురించే మాట్లాడారు, చెయ్యి గురించి ఎవరూ అడగలేదు. మీ అరచెయ్యి ఎంత ఉంటుంది బాబూ? బొటనవేలు నెక్ వెనక పెడతారా, పైకి చుడతారా?

ఎందుకంటే స్పీడ్ కోసం అందరూ మొదట చెప్పేది సన్న నెక్. ఇబనెజ్ విజార్డ్ 3 రకం నెక్ మొదటి ఫ్రెట్ దగ్గర 19 మి.మీ., 12వ ఫ్రెట్ దగ్గర 21 మి.మీ. ఎంతోమందికి అది స్వర్గం. నాకు మాత్రం అంత పల్చని నెక్ మీద అరగంట వాయిస్తే బొటనవేలి మొదట్లో తిమ్మిరి పట్టేస్తుంది. పట్టుకోడానికి ఏమీ లేనట్టు ఉండి నాకు తెలియకుండానే గట్టిగా నొక్కుతాను. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో పెద్ద చేతులున్న ఇద్దరికి ఇదే అయింది. వాళ్లు కొంచెం నిండుగా ఉన్న నెక్‌కి మారాక స్పీడ్ పెరిగింది. సన్నదైతేనే వేగం అని మూసగా నమ్మొద్దు.

షాపుకి వెళ్తే ఇలా చేయండి. ప్లగ్ పెట్టకుండా ఇరవై నిమిషాలు వాయించండి. షాపువాళ్లు యాంప్ ఆన్ చేసి గెయిన్ పెంచి ఇస్తారు, దాంట్లో అన్ని తప్పులూ దాక్కుంటాయి, వద్దనండి. మీకు బాగా వచ్చిన ఒక లిక్‌నే (చిన్న లీడ్ ముక్క) అన్ని గిటార్ల మీదా వాయించండి. తర్వాత స్ట్రాప్ అడిగి నిలబడి వాయించండి. కూర్చుంటే బాగున్న గిటార్ నిలబడితే తల కిందికి వాలిపోవచ్చు, అప్పుడు ఎడమచెయ్యి గిటార్‌ని మోయడానికే సరిపోతుంది. మొదటి తీగని 12వ ఫ్రెట్ నుంచి చివరిదాకా ప్రతి ఫ్రెట్ మీదా ఒక మెట్టు బెండ్ చేసి వినండి. ఎక్కడ నోట్ చచ్చినా పక్కన పెట్టేయండి.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మెట్రోనోమ్ 120 మీద బీట్‌కి నాలుగు నోట్లు సమానంగా వస్తాయా? అది సెకనుకి 8 నోట్లు. మీరు చెప్పే థ్రాష్ లీడ్‌లు 160, 180 దగ్గర ఉంటాయి, అంటే సెకనుకి సుమారు 11 నుంచి 12.

అర్ధరాత్రి_రిఫ్ | 11 జూన్, రాత్రి 10:44

టీచర్ గారూ, 120 దగ్గర వస్తాయి. సమానంగా... అంటే... వస్తాయి అనుకుంటున్నా.

మెట్రోనోమ్‌టీచర్ | 11 జూన్, రాత్రి 10:51

ఫోన్‌లో రికార్డు చేసి వినండి.

అర్ధరాత్రి_రిఫ్ | 11 జూన్, రాత్రి 11:30

విన్నాను. రావడం లేదు.

పాలకొల్లు_పిక్ | 12 జూన్, ఉదయం 7:15

టీచర్ గారికి దండం. సమానం అంటే నాకు మా ఊరి మాండొలిన్ శ్రీనివాస్ గారే గుర్తొస్తారు. పాలకొల్లులో పుట్టిన మనిషి, 2014లో వెళ్లిపోయారు. ఎంత వేగంలోనైనా ఏ స్వరానికా స్వరం విడిగా వినిపించేది. మాండొలిన్‌కి మామూలుగా జంట తీగలుంటాయి, వాటి మీద గమకం లాగడం కష్టం. ఆయన ఒంటి తీగలు వేసుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వాయించారు. తన సంగీతానికి ఏ వాయిద్యం సరిపోతుందో చూసుకుని దాన్నే మార్చుకున్నారు. మెటల్ వాయించేవాడు కూడా ఆయన కచేరీలు వినాలి, ఎడమచేతి వేళ్లు తీగ మీద నుంచి ఎంత తక్కువ లేస్తాయో చూడాలి.

(విషయం పక్కకి పోయిందని తెలుసు, మోడరేటర్ గారు క్షమించాలి.)

ఏడోతీగ | 12 జూన్, ఉదయం 10:20

సరే, పికప్‌ల దగ్గరికి రండి. ఈఎంజీ 81 లేకుండా మెటల్ ఏంటి? మెటాలికా హెట్‌ఫీల్డ్, హామెట్ ఇద్దరూ అవే వాడారు.

టంకం_మాస్టర్ | 12 జూన్, ఉదయం 11:05

మంచివే, నేనే ఎన్నోసార్లు బిగించాను. లోపల చిన్న ప్రీయాంప్ ఉంటుంది, దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. శబ్దం గట్టిగా, శుభ్రంగా ఉంటుంది, గోల తక్కువ. జాక్‌లో కేబుల్ ఉంటే చాలు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించడం అయ్యాక కేబుల్ పీకాలి. మర్చిపోయి వారం ఊరెళ్లి వచ్చి "పికప్ కాలిపోయింది మాస్టారూ" అని ఏడుస్తూ వచ్చినవాళ్లు నాకు లెక్కలేదు.

కానీ బడ్జెట్ గిటార్లలో "యాక్టివ్" అని రాసినవన్నీ అసలు ఈఎంజీలు కావు. మామూలు పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని) హంబకర్‌తో మొదలుపెట్టడమే మేలు. నచ్చకపోతే ఏడాది తర్వాత డిమార్జియోనో, సేమూర్ డంకనో వేయించుకోవచ్చు, అరగంట టంకం పని. నెక్ మాత్రం అంత తేలిగ్గా మార్చలేవు. డబ్బులు మొదట నెక్, ఫ్రెట్‌లు, బ్రిడ్జ్ మీద పోవాలి, పికప్‌ల మీద తర్వాత.

పీజీలో ఉంటున్నావు కాబట్టి ఇంకో హెచ్చరిక. ల్యాప్‌టాప్ రెండు పిన్నుల చార్జర్‌తో పెట్టి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (గిటార్‌ని ల్యాప్‌టాప్‌తో కలిపే డబ్బా) గిటార్ కలిపితే తీగలు ముట్టుకోగానే సన్నగా జివ్వుమనొచ్చు. చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే పోతుంది, హమ్ కూడా తగ్గుతుంది. గట్టిగా షాక్ కొడితే మాత్రం ఎర్తింగ్‌లోనో వైరింగ్‌లోనో లోపం ఉండొచ్చు. అక్కడ వాయించొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు.

డల్లాస్_డౌన్‌ట్యూన్ | 12 జూన్, రాత్రి 9:30

ఇప్పుడు అసలు ప్రశ్న. 40 వేలూ గిటార్‌కే పెడితే దేంట్లో వింటావు? హెవీ సౌండ్‌లో సగం పైన గిటార్ తర్వాతి భాగంలో ఉంటుంది. పీజీలో యాంప్ వద్దు. రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి తీసుకో, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ యాంప్. న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితమే, జనం తమ యాంప్‌ల నమూనాలు తీసి పెట్టినవి వేలల్లో దొరుకుతాయి. విండోస్ అయితే ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం తగ్గించేది) వేసుకో. బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి పోగేసుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. రానూపోనూ అన్నీ కలిపి ఇంకొంచెం పెరుగుతుంది, అయినా వేళ్లకి తెలియదు. బఫర్ 1024లో వదిలేసి "నా టైమింగ్ బాగాలేదు" అనుకున్నవాణ్ని నేనే, ఆర్నెల్లు.

గెయిన్ సగంలో పెట్టి మొదలుపెట్టు. ఇంట్లో నిండా పెంచి వాయిస్తే పిక్ పడకపోయినా నోట్ మోగుతుంది, అలవాటు చెడిపోతుంది.

బ్లూస్‌బాబాయ్ | 13 జూన్, ఉదయం 6:05

గెయిన్ విషయంలో డల్లాస్ అబ్బాయితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకోండి.

అర్ధరాత్రి_రిఫ్ | 14 జూన్, రాత్రి 10:10

ఆదివారం రెండు షాపులు తిరిగాను. టీచర్ గారు చెప్పినట్టు యాంప్ వద్దన్నాను. సేల్స్ అబ్బాయి నన్ను వింతగా చూశాడు.

ఎర్ర గిటార్ మళ్లీ పట్టుకున్నాను. ఫ్లాయిడ్ బార్ నొక్కి వదిలితే మొదటిసారి బాగానే వచ్చింది, నాలుగోసారికి రెండో తీగ జారిపోయింది. డల్లాస్ అన్న మాట గుర్తొచ్చి స్టాండ్ మీద పెట్టేశాను. మనసు మాత్రం అక్కడే ఉంది, దాచను.

తర్వాత అతి పల్చని నెక్ ఉన్నది ఒకటి. మొదటి పది నిమిషాలు గాల్లో తేలాను, ఇదే నా గిటార్ అనుకున్నా. పావుగంట దాటాక బొటనవేలి కింద లాగడం మొదలైంది. టీచర్ గారు ముందే చెప్పకపోతే ఆ పది నిమిషాలకే కొనేసేవాణ్ని. షెక్టర్ ఒమెన్ నిండుగా, హాయిగా ఉంది, కానీ బడ్జెట్ దాటుతోంది. కోర్ట్‌లో ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌ది ఒకటి చూశాను, డబ్బుకి చాలా శుభ్రమైన పనితనం. జాక్సన్ డింకీ జేఎస్ సిరీస్, కదలని బ్రిడ్జ్ ఉన్న మోడల్, నా చేతికి అన్నిటికన్నా బాగా కుదిరింది. 12 నుంచి 16 రేడియస్ అన్నారు కదా, బెండ్‌లు ఎక్కడా చావలేదు. 22వ ఫ్రెట్ దాకా చెయ్యి వెళ్లింది.

అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ఒకటి మియాపూర్‌లో ఉందని ఫేస్‌బుక్ గ్రూపులో చూశాను. వెళ్లనా?

టంకం_మాస్టర్ | 14 జూన్, రాత్రి 10:58

వెళ్లు. బాడీ మీద గీతలు పట్టించుకోకు. నెక్‌ని నట్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూడు, విల్లులా వంగిందా, మెలి తిరిగిందా అని. వంపు సరిచేయొచ్చు, మెలి తిరిగితే వదిలేయ్. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ ఒకేసారి నొక్కిపట్టి మధ్యలో తీగకి, ఫ్రెట్‌కి సందు చూడు. పోస్ట్‌కార్డు దూరేంత సన్నగా ఉండాలి. అసలు సందే లేకపోయినా, రూపాయి బిళ్ల దూరినా ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) తిప్పాలి. అది తిరుగుతుందో లేదో అమ్మేవాళ్ల ముందే చూడు. తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే వద్దు. ఫ్రెట్‌ల మీద తీగల కింద గుంటలు పడ్డాయా? జాక్‌లో కేబుల్ కదిపితే గరగరలాడుతోందా? గరగర చిన్న పని, గుంటలు పెద్ద ఖర్చు.

పాలకొల్లు_పిక్ | 15 జూన్, ఉదయం 8:00

కోస్తా నుంచి వచ్చిన గిటార్ అయితే స్క్రూలు, బ్రిడ్జ్ సాడిల్స్ మీద తుప్పు తప్పకుండా చూడు. మా వైపు ఉప్పుగాలికి కొత్త తీగలు కూడా నెలకే నల్లబడతాయి. నేను కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతాను. చెప్పుల డబ్బాల్లో వచ్చేవి కూడా పారెయ్యను, ఇంట్లో నవ్వుతారు.

అర్ధరాత్రి_రిఫ్ | 21 జూన్, రాత్రి 11:15

తీసుకున్నాను! మియాపూర్ అన్నయ్య పెళ్లి కుదిరి అమ్మేస్తున్నాడట, మూడేళ్లు వాడాడు. నెక్ కొంచెం ముందుకు వంగి ఉంది, మెలి లేదు. ఫ్రెట్‌లు బాగున్నాయి. తీగలు మాత్రం ఇనుపకొట్లో తీగల్లా ఉన్నాయి. బేరమాడి ఒక బ్యాగ్, రెండు పిక్‌లు కూడా పట్టుకొచ్చాను.

సెటప్ చేయించాను. ట్రస్ రాడ్ బిగించి, 12వ ఫ్రెట్ దగ్గర మొదటి తీగ 1.5 మి.మీ., ఆరో తీగ 2 మి.మీ. ఎత్తులో పెట్టారు. కొత్త 9-42 తీగలు. మిగిలిన డబ్బుతో ఇంటర్‌ఫేస్ కూడా వచ్చేసింది, అన్నీ కలిపి 40 దాటలేదు. అమ్మకి ఫోటో పంపితే "పాతదానికి ఏమైంది?" అంది.

హమ్ దాదాపు లేదు. 19వ ఫ్రెట్ మీద మెట్టున్నర బెండ్ చేస్తే అలాగే మోగుతూ నిలబడింది, రూమ్‌లో ఒక్కణ్నే అరిచాను.

టంకం_మాస్టర్ | 22 జూన్, ఉదయం 9:00

శుభం. వర్షాలు పడగానే చెక్క తేమ పీల్చుకుని నెక్ మళ్లీ కొంచెం కదులుతుంది. కంగారుపడి గట్టిగా తిప్పకు. ఒకసారికి పావు చుట్టు తిప్పి, ట్యూన్ చేసి, ఒక రోజు ఆగి చూడు.

డల్లాస్_డౌన్‌ట్యూన్ | 22 జూన్, రాత్రి 8:40

మంచి పని చేశావు. మెత్తటి పిక్‌లు వాడుతుంటే జాజ్ 3 లాంటి చిన్న, గట్టి పిక్ ఒకసారి ప్రయత్నించు. 1.38 మి.మీ. మందం, వంగదు, మొన తీగని దాటి లోతుకి పోదు. మొదటి వారం చేతిలోంచి జారిపోతుంటుంది. ఓపిక పట్టు.

ఏడోతీగ | 22 జూన్, రాత్రి 11:58

కంగ్రాట్స్ బ్రో. ఏడాది తర్వాత ఏడు తీగల థ్రెడ్ వెయ్యి, నేనిక్కడే ఉంటా.

అర్ధరాత్రి_రిఫ్ | 3 జులై, రాత్రి 12:20

కొత్త సమస్య. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తున్నా పక్క రూమ్ ఆయన వచ్చి తలుపు కొట్టాడు. పికింగ్ చేసే టకటక గోడలోంచి వినిపిస్తోందట, నిద్రపట్టట్లేదట.

మెట్రోనోమ్‌టీచర్ | 3 జులై, ఉదయం 6:45

ఆయన్ని అడగండి, ఆ టకటక సమానంగా వినిపిస్తోందా అని.